పొగకోటలో మంత్రిని వదిలిన ఎత్తు

గంటలేరు మూడు కట్టలూ తెంచుకుని నీలకుండ రాజ్యం మీద పడిన వరదకు అది తొమ్మిదో ఏడు. ఆ దేశంలో ఏళ్ళను రాజుల పేరు మీద లెక్కపెట్టరు. రాజులు వస్తారు, పోతారు. వరద మాత్రం ప్రతి ఇంటి గోడ మీదా మొలలోతున గీత గీసి పోయింది.

ఆ ఏడు ఎండలు ముదిరిన నెలలో, పొద్దు నడినెత్తిన ఉండగా, రేవుపల్లె పడవవాడు తిప్పన పొగకోట గుమ్మం ముందు నిలబడ్డాడు. నెత్తిన జరీ తలపాగా, చెవులకు పచ్చల పోగులు, భుజాన పట్టు ఉత్తరీయం. అన్నీ అరువు తెచ్చినవే. ఎవరడిగినా రత్నాల వర్తకుడు నాగశెట్టినని చెప్పాలి. కాళ్ళు మాత్రం సొంతవి.

అతని అన్న బైరన్న రెండేళ్ళ కింద ఈ గుమ్మమే దాటి లోపలికి వెళ్ళాడు. కోటనేలే మాంత్రికుడు ఉల్ముకుడు ఏటికి అడ్డంగా నిప్పుల గొలుసు కట్టి రేవులన్నీ మూయించాడు. చదరంగంలో తనను గెలిచినవాడి కోసం దాన్ని తీస్తానన్నాడు. రేవుపల్లెలో ఆటకు బైరన్నే పెద్ద. వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. ఇప్పుడు తిప్పన వచ్చింది గొలుసు కోసం కాదు, అన్న కోసం. దానికో తిరకాసు ఉంది. ఒక కడుపున పుట్టిన ఇద్దరితో ఉల్ముకుడు ఆడడు. ఓడినవాడి తోబుట్టువని తెలిస్తే గుమ్మంలోనే బూడిద చేస్తాడు. అందుకే ఈ వేషం.

ఆ కోట గోడలు రాతివి కావు. గడ్డకట్టిన పొగ. చెయ్యి ఆనిస్తే రాయిలాగే చల్లగా తగులుతుంది. కన్ను పెట్టి చూస్తే లోపల మెల్లగా సుడులు తిరుగుతుంటుంది. బురుజుకొక ఇత్తడి గద్ద, గద్ద నోట పగలు కూడా ఆరని కాగడా. కందకంలో నీళ్ళ బదులు బూడిద. గాలి లేకుండానే ఆ బూడిద మీద గీతలు పడుతున్నాయి, అడుగున ఏదో ఈదుతున్నట్టు. కోట చుట్టూ ఆమడ దూరంలో పిట్ట కూత లేదు.

తలుపు తీసింది ఒక ముసలమ్మ. పేరు గవ్వమ్మ. మెడ నిండా గవ్వల దండలు, చేతిలో నీళ్ళ గిన్నె. ఆట వైనం చెప్పడం ఆమె పని. నడవలో నడుస్తూనే చెప్పింది, వంటకు ఉప్పెంతో చెప్పినట్టు.

ఆడేవాడు తన కాయలకు తన ఊపిరే పొయ్యాలి. ఎనిమిది బంట్లు ఎనిమిది వేళ్ళు, బొటనవేళ్ళు తప్ప. రెండు గుర్రాలు రెండు కాళ్ళు. శకటాలు కళ్ళు. ఏనుగులు చేతులు. మంత్రి గొంతు. రాజు ప్రాణం. ఏ కాయ పోతే ఆ అవయవం అప్పటికప్పుడే పోతుంది. గెలిస్తే అన్నీ వెనక్కి వస్తాయి. ఓడితే పోయినవి పోయినట్టే. ముట్టిన కాయ ఆడాలి, వదిలిన గడి వదిలినట్టే.

"ఇంకొకటి నాయనా," అంది గవ్వమ్మ. "ఆటకట్టు అని నోటితో చెబితేనే గెలుపు. చెప్పకపోతే కట్టినా కట్టనట్టే. చెప్పి కట్టలేకపోతే తల పోతుంది."

"ముందుగా చెప్పొచ్చా?"

ముసలమ్మ ఆగింది. అతన్ని పైనుంచి కిందికి చూసింది. "ఎన్నో ఎత్తుకో కూడా చెబితే చెల్లుతుంది. ఇన్నేళ్ళలో ఎవరూ అడగలేదు," అంది.

ఆటగది గుండ్రంగా ఉంది. పైకప్పు లేదు, నెత్తిన ఎండ. గోడ చుట్టూ గూళ్ళు. ఒక్కో గూట్లో ఒక్కో మనిషి. కిరీటం ఉన్నవాడు, జడలు కట్టినవాడు, కవచం తొడిగినవాడు. కదలరు. పిలిస్తే పలకరు. ఊపిరి మాత్రం పీలుస్తున్నారు. అంతమందీ ఒక్కసారే పీల్చి ఒక్కసారే వదులుతుంటే ఆ గది మొత్తం ఒక పెద్ద జంతువు కడుపులా ఉంది. ఏడో గూట్లో బైరన్న కనిపించాడు. గడ్డం పెరిగింది. ఎడమ కన్ను ఒక్కటే తెరిచి ఉంది. తిప్పన ముఖం తిప్పుకుని, తలపాగా సర్దుకున్నాడు.

బల్లకు అవతల ఉల్ముకుడు కూర్చుని ఉన్నాడు. సన్నటి మనిషి. జుట్టు పసుపుపచ్చగా, కొసలు నిప్పంటుకున్నట్టు ఎర్రగా. పక్కన కుంపటి. మాట చాలా మెత్తన.

"రండి శెట్టిగారూ. దాహానికేమైనా పుచ్చుకుంటారా? కాసేపటికి చెంబు పట్టుకునే వీలు ఉంటుందో ఉండదో."

వద్దని తలూపి, తిప్పన పదహారు తెల్లకాయల మీదా ఒక్కొక్కటిగా ఊపిరి పోశాడు. పోసిన ప్రతిసారీ ఆ అవయవంలో సన్నగా సూది గుచ్చినట్టయింది. చివర రాజు మీద ఊదినప్పుడు గుండె ఒక దెబ్బ మానేసి, తరువాతది కొట్టింది.

మొదటి ఎత్తుకు రాజు ముందరి బంటును రెండు గళ్ళు తోశాడు. ఉల్ముకుడూ అదే తోశాడు. రెండో ఎత్తుకు దాని పక్క బంటును కూడా రెండు గళ్ళు తోసి, నల్లబంటు నోటికి అందేలా పెట్టి వదిలాడు.

ఉల్ముకుడు కనుబొమలు ఎత్తాడు. "శెట్టిగారు బంటు ఊరికే ఇస్తున్నారు."

"బోణీ," అన్నాడు తిప్పన.

నల్లబంటు వచ్చి తెల్లబంటును తీసుకుంది. తిప్పన ఎడమ చిటికెనవేలు పుల్లలా బిగిసింది. గిల్లి చూసుకున్నాడు. తనది కాదు.

రేవుపల్లె వాళ్ళెవరూ ఆ ఎత్తు వెయ్యరు. పడవ ఎక్కినవాణ్ణి అవతలి ఒడ్డు చేర్చేదాకా వదలకూడదన్నది వాళ్ళ కులధర్మం. బేరం లేని వేళ పడవ చెక్క మీద బొగ్గుతో గళ్ళు గీసి చదరంగం ఆడతారు, ఆటలోనూ అదే ధర్మం. ఎవడి బంటు ముందు పోతే వాణ్ణి చూసి రేవంతా నవ్వుతుంది. అన్నీ దగ్గర పెట్టుకుని, ఒకదానికొకటి కాపుగా నిలిపి, మూలకు చేరి ఆడతారు. బైరన్న అలాగే ఆడాడు. పొగకోటలో ఓడినవాళ్ళంతా అలాగే ఆడారు. తన కన్నూ తన కాలూ బల్ల మీద ఉంటే ఎవడు మాత్రం ఇస్తాడు? దాచుకున్నకొద్దీ ఉల్ముకుడు చుట్టూ ఉచ్చు బిగిస్తాడు. చివరికి కదిలే చోటు ఉండదు.

తిప్పన ధర్మం వరదలో పోయింది. ఆనాడు పందొమ్మిది మందితో, తన రెండెడ్లతో పడవ సుడిలో పడితే, ఎడ్లను తన చేత్తోనే ఏట్లోకి తోశాడు. పడవ తేలింది. పందొమ్మిది మందీ ఒడ్డెక్కి, అతన్ని తోపుడు తిప్పడు అని పిలిచారు. తరువాత అతనితో ఆటకు ఎవరూ కూర్చోలేదు. తొమ్మిదేళ్ళు తన కుడిచేతికీ ఎడమచేతికీ పోటీ పెట్టుకుని ఒక్కడే ఆడాడు. ఇచ్చి ఆడితే ఏమవుతుందో ఆ తొమ్మిదేళ్ళలో చూసుకున్నాడు.

ఆట వేడెక్కింది. తిప్పన గుర్రం బయటికి దూకింది. శకటం ఐమూలగా బయల్దేరింది. ఉల్ముకుడి బంట్లు వరసగా గుర్రం మీదికి తోసుకొచ్చాయి. గుర్రాన్ని వెనక్కి తీస్తే బతుకుతుంది. తియ్యలేదు. రాజును ఏనుగు చాటుకు దాటించి కోట కట్టుకున్నాడు. ఉల్ముకుడు గుర్రాన్ని తీసేశాడు.

ఎడమ కాలు తొడ దగ్గర్నుంచి చచ్చిపోయింది. చల్లటి నీళ్ళు ఎముకలో పోసినట్టయి, ఆపైన ఏమీ లేదు. పీట మీద ఒక్క పక్కకు ఒరిగి, తిప్పన ఆపుకోలేక "అమ్మో" అన్నాడు. శెట్టి గొంతుతో కాదు. సొంత గొంతుతో.

గది ఊపిరి లయ తప్పింది.

ఉల్ముకుడు తల తిప్పాడు. ఏడో గూట్లో బైరన్న ఎడమ కంటి నుంచి నీటిచుక్క జారుతోంది. మాంత్రికుడు లేచి వెళ్ళి ఆ చుక్కను వేలితో తుడిచి, నాలుకకు రాసుకుని చూశాడు. తిరిగొచ్చి తిప్పన కుడి అరచెయ్యి పట్టుకుని తిప్పాడు. తెడ్డు పట్టిన కాయలు, వేలికి రెండు.

"రత్నాలు బాగా బరువు కాబోలు, శెట్టీ. చేతులు కాయలు కాశాయి."

తిప్పన చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

"మొదలైన ఆట ఆపడానికి నాకూ చెల్లదు. నీ పుణ్యం బాగుంది, పడవోడా." ఉల్ముకుడు బుట్టలో వెతికి ఒక తెల్ల రాజుబొమ్మను తీశాడు. పాతది, పగుళ్ళు పట్టింది. దాన్ని కుంపటి అంచున నిప్పులకు బెత్తెడు దూరంలో నిలబెట్టాడు. "మీ అన్న ప్రాణం ఇందులో ఉంది. ఇది మాడిపోయేలోగా నువ్వు గెలవాలి. తీరిగ్గా ఆడుకో, తొందరేం లేదు."

గూట్లో బైరన్న నుదుట చెమట పట్టింది.

ఇక అక్కణ్ణుంచి ఆట ఆట కాదు. తిప్పన మంత్రిని తీసి ముందుకు నడిపాడు. ఉల్ముకుడి మంత్రి ఎదురొచ్చింది. తిప్పన ఇంకో బంటును దాని నోటికి పెట్టాడు. తిన్నది. ఒక వేలు. శకటాన్ని నేరుగా నల్లరాజు గుమ్మంలోకి పంపి, పక్క బంటును తీయించి "రాజు" అన్నాడు. నల్లరాజు తనే బయటికొచ్చి శకటాన్ని మింగాడు. కుడి కన్ను దీపం ఆర్పినట్టు పోయింది. సగం ఎండ, సగం చీకటి. మూడో బంటును కూడా తోశాడు. అదీ పోయింది. ఎడమ చేతికి బొటనవేలూ చూపుడువేలూ మిగిలాయి.

కాలిన కొయ్య వాసన వచ్చింది. కుంపటి అంచున బొమ్మ పాదం నల్లబడుతోంది. బైరన్న పెదవులు పగిలాయి. ఆ ఒక్క కన్నూ తమ్ముడినే చూస్తోంది.

ఉల్ముకుడు పోయిన కాయల్ని తన ముందు వరసగా పేర్చుకున్నాడు. వాటి మీద వేలు ఆడిస్తూ నవ్వాడు. "మీ అన్న ఒక్క బంటు ఇవ్వడానికి జాము సేపు ఏడ్చాడు. నువ్వేమిట్రా, సంతర్పణ చేస్తున్నావు."

తిప్పన ఉన్న కంటితోనే బల్లను చూశాడు. నల్లమంత్రి బంట్లను తింటూ ఊరు మీద తిరుగుతోంది. నల్ల ఏనుగులు రెండూ ఇంకా సాలలోనే ఉన్నాయి. శకటాలు కదల్లేదు. ఒక గుర్రం గాటికే కట్టి ఉంది. ఇల్లు నిండా బలగం ఉంది, లేచినవాడు లేడు. నల్లరాజు ఒక్కడే నడివీధిలో నిలబడ్డాడు. తెల్లవాళ్ళు కొద్దిమందే. కొద్దిమందీ వీధిలోనే ఉన్నారు.

మూడు ఎత్తులు కనిపించాయి. మొదటిదానికి మంత్రి పోవాలి. రెండోదానికి కుడి ఏనుగు పోవాలి. మూడోదానికి శకటం కదలాలి. కానీ మంత్రి పోతే గొంతు పోతుంది. గొంతు లేనివాడు ఆటకట్టు అని ఎలా చెబుతాడు? ఇప్పుడే చెప్పాలి. చెప్పాక ఎక్కడైనా లెక్క తప్పితే తల. కుడిచేతికీ ఎడమచేతికీ ఆడిన ఆటల్లో ఇలాంటి చోట ఎన్నిసార్లు తప్పాడో అతనికి తెలుసు. ఇంకోసారి చూద్దామా అనుకున్నాడు. కుంపటి దగ్గర చిటపట మంది. బొమ్మ మోకాలిదాకా కాలింది. గూట్లో బైరన్న కాళ్ళ నుంచి పొగ లేచింది.

"మూడో ఎత్తుకు," అన్నాడు తిప్పన, "ఆటకట్టు."

గవ్వమ్మ చేతిలో గిన్నె ఒలికింది. "విన్నాను," అంది.

ఉల్ముకుడి నవ్వు ఆగింది. మొదటిసారి అతను బల్ల మీదికి వంగి చూశాడు.

తిప్పన మంత్రిని ఎత్తి నల్లరాజు పక్క గడిలో, బంటును తీయించి, పెట్టాడు. తియ్యక తప్పదు. ఇంకో దారి లేదు. నల్లగుర్రం గంతు వేసి మంత్రిని తీసింది. ఉల్ముకుడు ఆ కాయను మిగతావాటి పక్కన పెట్టలేదు. గుప్పిట్లో పట్టుకున్నాడు.

తిప్పన గొంతులో ముడి పడింది. దగ్గబోయాడు. చప్పుడు రాలేదు. నోరు తెరిస్తే గాలి మాత్రం వచ్చింది, ఖాళీ కుండలోంచి వచ్చినట్టు.

రెండో ఎత్తు. కుడిచేత్తో కుడి ఏనుగును పట్టుకుని బారునా చివరిదాకా తోశాడు. నల్ల శకటం దాన్ని తీసింది, తీసి తన రాజు పారిపోయే దారికి తనే అడ్డం నిలబడింది. కుడిచెయ్యి భుజం నుంచి తాడు తెగిన తెరచాపలా జారి ఒళ్ళో పడింది.

మూడో ఎత్తు. మిగిలింది ఎడమచెయ్యి, అందులో రెండు వేళ్ళు. శకటం ఐదు గళ్ళు ఐమూలగా వెళ్ళాలి. నాలుగో గడిలో జారిపడితే పడ్డట్టే. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కాయ చెమటకు జారుతోంది. ఒక్క కంటికి గడి దూరం తెలియడం లేదు. ఉల్ముకుడు మెల్లగా ఊదాడు. కుంపటి పొగ తిప్పన ముఖం మీదికి వచ్చింది. కన్ను మండి మూసుకుపోయింది.

చూడకుండా వెళ్ళాడు. బల్లకు కాయను ఆనించి, గడి గడికీ ఉన్న గాడి మీదుగా ఈడ్చుకుంటూ లెక్కపెట్టాడు. ఒకటి. రెండు. మూడు. నాలుగు. ఐదో గాడి దాటాక వేళ్ళు వదిలాడు.

కన్ను తెరిచేసరికి నల్లరాజు గుర్రానికీ మిగిలిన ఏనుగుకూ మధ్య ఇరుక్కుని ఉన్నాడు. శకటం దూరం నుంచి అతని గుండెకు గురిపెట్టి ఉంది. నల్ల ఏనుగులు ఇంకా సాలలోనే ఉన్నాయి.

గవ్వమ్మ వంగి చూసి, నీళ్ళ గిన్నె బల్ల మీద కుమ్మరించింది. ఆట ముగిసిందని గుర్తు.

ఇంకేముంది. బుట్టలోని బొమ్మలూ బల్ల మీద పేర్చిన తెల్లకాయలూ మొక్కజొన్న పొత్తుల్లా పేలాయి. తిప్పన కాలికి ముందు ప్రాణం వచ్చింది, తరువాత చేతికి, తరువాత కంటికి. అతను లేచిన లేవడం కుంపటి మీదికి దూకి, కాలుతున్న రాజును పిడికిట పట్టి బల్ల మీది నీళ్ళలో అదిమాడు. బొమ్మ రెండుగా పగిలింది. ఏడో గూట్లో బైరన్న కెవ్వుమని ఊపిరి పీల్చి కింద పడ్డాడు. గూళ్ళన్నీ కదిలాయి. కిరీటాలవాళ్ళూ జడలవాళ్ళూ ఒకరి మీద ఒకరు పడి లేస్తున్నారు. ఏటి వైపు నుంచి గొలుసు తెగిన చప్పుడు వచ్చింది.

ఉల్ముకుడు మాత్రం మంత్రిని పట్టుకున్న పిడికిలి విప్పలేదు. జుట్టు కొసల నిప్పు ఒళ్ళంతా పాకింది. మనిషి బొగ్గయ్యాడు, బొగ్గు పొగయింది. పొగలోంచి ఒక రాబందు రెక్క విదిల్చి లేచింది. దాని గోళ్ళ మధ్య తెల్ల మంత్రి ఉంది. కోట మీదుగా ఉత్తరం దిక్కుకు, ఏడు కొమ్ముల కొండల వైపు ఎగిరిపోయింది.

గోడలు కరగడం మొదలైంది. గడ్డకట్టిన పొగ పొగలాగే లేచి కళ్ళలో, ముక్కుల్లో దూరుతోంది. గూళ్ళలోంచి లేచినవాళ్ళు తలో దిక్కుకూ పారిపోయారు. తిప్పన అన్నను వీపున వేసుకుని పరుగెత్తాడు. ఇత్తడి గద్దలు బురుజుల మీంచి ఊడి పడుతున్నాయి. కందకం వంతెన కాళ్ళ కింద మెత్తబడింది. బూడిదలోంచి ఏదో లేచి ఉత్తరీయం పట్టుకుంది. ఉత్తరీయం దానికే వదిలి దూకాడు. తలపాగా ఎక్కడ పోయిందో తెలియదు. ఏటి ఒడ్డున రెల్లు దుబ్బుల్లో దాచిన పడవలో అన్నను పడుకోబెట్టేసరికి పొద్దు వాలింది. వెనక్కి చూస్తే కోట లేదు. కాలిన నేల మీద గవ్వమ్మ ఒక్కతే ఖాళీ గిన్నె పట్టుకుని నిలబడి ఉంది.

బైరన్న తమ్ముడి ముఖం రెండు చేతులా పట్టుకుని, ఏమైనా మాట్లాడరా అన్నాడు. తిప్పన నోరు తెరిచాడు. గాలి వచ్చింది. బైరన్నకు అర్థమైంది. ఆ రాత్రి ఇద్దరూ పడవలోనే ముడుచుకుని పడుకున్నారు. ఎవరూ నిద్రపోలేదు.

తెల్లవారింది. ఏటి మీద ఇంకా పల్చగా కోట పొగ ఉంది. బైరన్న నీళ్ళతో ముఖం కడుక్కుంటుంటే ఉత్తరపు ఒడ్డు నుంచి పిలుపు వచ్చింది.

"అన్నా! ఒరే బైరన్నా! పడవ ఇటు తీసుకురా!"

తిప్పన గొంతు. అదే యాస, అదే విరుపు. చిన్నప్పటి నుంచి రేవులో ఆ గొంతు పిలిస్తే బైరన్న తెడ్డు పట్టుకోవడమే అలవాటు. ఇప్పుడూ పట్టుకున్నాడు. సంతోషంతో "వస్తున్నానురా" అని కేకేసి తిరిగాడు. తిరిగితే పక్కనే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో, తిప్పన నోరు మూసుకుని కూర్చుని ఉన్నాడు.

బైరన్న చేతిలోంచి తెడ్డు జారింది.

"చలేస్తోందన్నా," అంది అవతలి ఒడ్డు. "తొందరగా రా."

తిప్పన లేచాడు. పడవ దిగి మోకాలిలోతు నీళ్ళలో నిలబడి, అన్నకు తెడ్డు అందించాడు. దిగువకు చూపించాడు, ఊరి వైపు. ఆపైన తన రెండు చెవులూ అరచేతులతో మూసి చూపించాడు. బైరన్న వద్దురా వద్దురా అంటూనే ఉన్నాడు. తిప్పన కట్టుతాడు కోసి, భుజం ఆనించి, పడవను నడి ఏట్లోకి తోశాడు. అది మలుపు తిరిగేదాకా చూశాడు. ఆ తరువాత పంచె పైకి చెక్కి, తన గొంతు పిలుస్తున్న ఒడ్డుకు ఈదడం మొదలుపెట్టాడు.